బాతు పొట్ట కింద జేబు

కస్టమర్ తృప్తి అనే మాట కనిపెట్టినవాణ్ణి మా ఊరి రేవులో ముంచి లేపాలి!

కోపం తెచ్చుకోకండి, నిదానంగానే చెబుతున్నాను. అడిగింది అడిగినట్టు, చెప్పిన రోజుకి చేసి చేతిలో పెట్టేవాడు మనకి చేసే మేలేమిటి? వెళ్తాం, తీసుకుంటాం, వచ్చేస్తాం. ఒక ఎదురుచూపు లేదు, ఒక నిట్టూర్పు లేదు. అదీ ఒక బతుకేనా?

మా ఊరు స్కార్విక అదృష్టం చేసుకుంది. మాకు ఓడ్‌వార్ ఉన్నాడు.

చేపల గిడ్డంగి మేడ మీద అతని ఎంబ్రాయిడరీ షాపు. ఒకేసారి ఆరు బట్టలు కుట్టే మిషను, భూతద్దం, ఒక్క కుర్చీ. ఆ కుర్చీ అతనిది. ఒకసారి పడవవాళ్ళు టోపీల మీద పడవ పేరు కుట్టమన్నారు. అక్షరం అంచు వెంట్రుకవాసి వంకర పోయిందని నాలుగుసార్లు కుట్టాడు. టోపీలు చేతికొచ్చేసరికి పడవ అమ్ముడుపోయింది. అయితేనేం? లేని పడవకి అంత చక్కటి టోపీలు నార్వే మొత్తంలో ఇంకెవరికున్నాయి?

బేకరీ ఆవిడకైతే ఆప్రాన్ తిరగేసి మరీ చూపించాడు. "వెనకవైపు చూడు, ఎక్కడైనా ముడి కనిపిస్తోందా?"

"వెనకవైపు చూసేది నా పొట్టేనయ్యా! దానికి కళ్ళు లేవు!" అందావిడ. కళాదృష్టి లేని మనిషి.

ఇక మా బ్యాండు సంగతి. గున్వోర్ ముప్పై ఒక్క ఏళ్ళు మమ్మల్ని నడిపించింది. ఈ ఏడు మే పదిహేడున, మా జాతీయ దినం ఊరేగింపే ఆమెకి ఆఖరిది. మా పాత కోట్లు మూడు రకాల నీలాలు. ఒక్కసారైనా అందరం ఒక్కలాంటి కోట్లతో వీధిలో నడవాలని ఆమె కోరిక. ఛాతీ మీద మా బ్యాండు గుర్తు, సముద్రపు బాతు. కొత్త కోట్లు ఇరవై ఆరూ ఓడ్‌వార్ చేతికిచ్చాం.

ఫిబ్రవరిలో ఓడ్‌వార్ నమూనా చూపించాడు. జేబుకి పైన బాతు, బాతుకి కింద జేబు. గున్వోర్ మొహం వెలిగిపోయింది.

"భలే ఉందయ్యా! ఇంకేం ముట్టుకోకు. ఇలాగే అన్నీ కుట్టెయ్."

ఓడ్‌వార్ ఆమెని జాలిగా చూశాడు. "అక్కా, నీకు తెలీదు. బాతు గాల్లో వేలాడుతోంది."

పాపం, అతనికి నిజంగానే నిద్ర పట్టలేదు. మార్చిలో ఈకలు మార్చాడు. ఏప్రిల్‌లో కన్ను మార్చాడు, రెండు కుట్లు ఎక్కువై బాతు నిద్రమొహంతో ఉందట. చివరికి అసలు లోపం దొరికింది. నీటిపక్షి నీటి మీద కదా ఉండాలి! జేబు అంచునే నీటిమట్టం చేసుకుని, బాతుని రెండు వేళ్ళు కిందికి దించాడు. పొట్ట సరిగ్గా జేబు అంచు మీద ఆనింది. ఎంత అందం! అతని కళ్ళు చెమర్చాయట.

ఫ్రేమ్‌లో బట్ట బిగించేముందు జేబులో చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఈ సంగతి ఊళ్ళో పదిమందికి నేర్పినవాడు ఓడ్‌వారే. ఆ వారం మాత్రం అతని చెయ్యి భూతద్దాన్ని వదల్లేదు.

కోట్లు మే పదిహేడు పొద్దున్న ఏడింటికి వచ్చాయి. అప్పటిదాకా దారపు కొసలు కత్తిరిస్తూనే ఉన్నాడు. ఎనిమిదింటికి చర్చి ఆవరణలో, సముద్రంలో పోయినవాళ్ళ రాయి దగ్గర, గున్వోర్ ఒంటరిగా బాకా ఊదాలి. ఏటా ఊదుతుంది. ఆ రోజు మంచు కలిసిన వాన. ఇలాంటి చలిలో బాకాకి ఉండే ఇత్తడి మూతిని ఊడదీసి పైజేబులో వెచ్చగా పెట్టుకుంటాం. లేకపోతే పెదవి కొయ్యబారుతుంది, స్వరం పలకదు.

గున్వోర్ జేబులో చెయ్యి పెట్టబోయింది. చెయ్యి దూరలేదు. నేను నా జేబు చూసుకున్నాను. ఇరవై ఆరుమందిమీ చూసుకున్నాం. ఇరవై ఆరు బాతులూ ఇరవై ఆరు జేబుల్ని కుట్టేసి, వాటి మీద హాయిగా కూర్చున్నాయి!

ఆమె మూతిని గుప్పిట్లో పట్టుకుని రుద్దింది, బిగించింది, ఊదింది. మొదటి స్వరమే పగిలిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ అలా కాలేదు. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

అయినా మంచివైపు చూద్దాం. ఊరేగింపులో అందరి కళ్ళూ మా మీదే! రోడ్డవతల నుంచి ఒక ముసలావిడ కేకేసింది. "అబ్బ, ఆ కోడిపెట్ట ఎంత ముద్దుగా ఉందో!" పక్కనే నడుస్తున్న ఓడ్‌వార్ మొహం చూడాల్సింది.

బడి ఆవరణలో అందరూ సాసేజిలు తింటుంటే గున్వోర్ అతని ముందుకొచ్చి నిలబడింది.

"విప్పెయ్."

"అక్కా, విప్పితే బాతు పొట్టనిండా సూది చిల్లులే మిగుల్తాయి."

"మిగలనీ. బాతుని నేనడగలేదా? అడిగాను. జేబు వద్దని ఎప్పుడైనా అన్నానా?"

ఓడ్‌వార్ చిన్న కత్తి తీశాడు. ఒక్కొక్క కుట్టే తెంపాడు. జేబు నోరు తెరుచుకుంది. గున్వోర్ అందులో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "హమ్మయ్య, బాగుంది" అంది. అతను షాపు పెట్టాక, సరుకు చేతిలో ఉండగా ఒక కస్టమర్ ఆ మాట అనడం అదే మొదలనుకుంటాను.

ఓడ్‌వార్ ఆ చిల్లుల్ని చూస్తూ మెల్లగా అన్నాడు. "ఒక్క వారం ఇవ్వక్కా. ఇటివ్వు, మళ్ళీ మొదట్నుంచీ..."

గున్వోర్ రెండు చేతులూ జేబు మీద అడ్డం పెట్టుకుని పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయింది. ఇప్పటికీ అతని షాపు ముందు నుంచి నడవదు.

చూశారా, ఎంత తొందరపాటు! నేనలా కాదు. నమ్మకం ఉన్నవాణ్ణి. జేబు తెరిచి ఇమ్మని ఆ రోజే నా కోటు ఓడ్‌వార్ చేతిలో పెట్టాను. నిన్న కూడా వెళ్ళి చూశాను. పొట్ట కింద ఇప్పుడు చిన్న చిన్న అలలు కూడా వేస్తున్నాడు, అద్భుతంగా వస్తున్నాయి.

ఇది నవంబరు. నాకు చలేస్తోంది.