నేరెళ్లగూడ మదర్‌బోర్డు

సమతకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన కూతురు మేఘ రోడ్డు మీదికి ఉరుకుతుందని.

మేఘకు మూడేళ్లు. ఎక్కడ హారన్ మోగినా ఆ బండి తన కోసమే వచ్చిందని ఆ పిల్ల గట్టి నమ్మకం. నేరెళ్లగూడ ఉన్నదేమో మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారిని ఆనుకొని. శనాదివారాలు ఫామ్‌హౌస్‌లకు పోయే కార్లు, మిగతా రోజుల్లో ఆ ఫామ్‌హౌస్‌లకే ఇసుక, కంకర మోసే లారీలు. సమత రోజూ పొద్దున షేర్ ఆటో ఎక్కి, చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్ తోటలో కలుపు తీయడానికి పోతుంది. మనసు కుదుటపడి పోగలుగుతున్నదంటే దానికి కారణం దేవుడూ కాదు, ప్రభుత్వమూ కాదు. అంగన్‌వాడీ గది తలుపుకు పైన బిగించిన గొళ్లెం. అది మేఘకు అందదు.

ఇలాంటి సొంత భయాలను పక్కన పెట్టి చూస్తే, ఆ సోమవారం నేరెళ్లగూడ చరిత్రలో చెప్పుకోదగ్గ రోజు. యువనేత భిక్షపతి గారు పంచాయతీ ముందు మైకు పట్టుకున్నారు. ఆయనకు యాభై మూడేళ్లు. ఇరవై ఏడేళ్లుగా యువనేతగానే ఉంటున్నారు. యువతలో అంత అనుభవం ఉన్నవారు చుట్టుపక్కల మండలాల్లో ఇంకొకరు లేరు.

"ఎలక్షన్లల్ల మీకు ఆటస్థలం ఇస్తనన్న. అన్ననా లేదా?"

"అన్నవ్!" అన్నారు జనం.

"ఇస్తున్న. గేమింగ్ కంప్యూటర్!"

ఆటస్థలానికని చూపించిన భూమి ఎన్నికల తర్వాత ఫామ్‌హౌస్ ప్లాట్లయింది. దానికి కంచె వేయించింది కూడా భిక్షపతి గారే కాబట్టి, అక్కడ ఇక ఆటస్థలం రాదన్న సంగతి అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. అయినా మాట తప్పే మనిషి కాదు. నేల మీద పట్టని మైదానాన్ని కంప్యూటర్‌లో పట్టించాలని నిర్ణయించుకున్నారు.

"అండ్ల క్రికెట్ ఉన్నది, ఫుట్‌బాల్ ఉన్నది, కార్ల రేసున్నది. వాన పడ్డా మ్యాచ్ ఆగది. గిసొంటి గ్రౌండ్ ఎవడిస్తడు?"

"యాడ పెడ్తవన్నా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అంగన్‌వాడీ రూంల. ఒక్క మూలకు. కరెంటు మంచిగుంటది, తలుపుకు గొళ్లెం సుత ఉన్నది."

మూల అంటే ఎంత జాగానో జనంలో నిలబడ్డ సమతకు తెలుసు. ఇంట్లో మరిది 'ఒక్క మూలకు' పెట్టుకుంటానన్న కోళ్ల దాణా బస్తాలు ఇప్పుడు మంచం మీద ఉన్నాయి. మూలకు మనుషులు పడుకుంటున్నారు.

కంప్యూటర్ బాధ్యత చేవెళ్లలో కంప్యూటర్ షాపు నడిపే సాయిచంద్‌కు అప్పజెప్పారు. "రెడీమేడ్ వద్దన్నా. ఒక్కొక్క పార్టు చూసి ఎంచుకొని బిల్డ్ చేసుకుంటెనే మంచిగుంటది" అన్నాడతను. తప్పంతా ఆ ఒక్క మాటది. బిల్డ్ అన్నది చెవిన పడ్డాక భిక్షపతి గారిని ఆపడం ఎవరి తరం? మర్నాడే అంగన్‌వాడీ గది మూలన నాలుగు ఇటుకలు పేర్చి, కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్‌కు శంకుస్థాపన చేశారు. శిలాఫలకం మీద ఆయన పేరు పెద్దగానూ, కంప్యూటర్ అన్న మాట చిన్నగానూ చెక్కించారు. గోడ మీద ఫలకానికి చోటు చాలక అ ఆ ల చార్టు తీసేశారు.

ఆ వారమే పార్టుల ఎంపిక కమిటీ కూర్చున్నది. గది సంగతి అడుగుదామని సమత పనికి ఒక పూట నాగా పెట్టి, మేఘను చంకన వేసుకొని పంచాయతీ గడప దగ్గర నిలబడింది. లోపల సాయిచంద్ చీటీ చూసి చదువుతున్నాడు.

"ప్రాసెసర్. ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు. కేసు..."

"కేసా?" భిక్షపతి గారు కుర్చీలోంచి లేచారు. "నా మీద ఏ కేసు లేదు. ఉన్నది కొట్టేసిండ్రు."

"ఆ కేసు కాదన్నా. డబ్బా. పార్టులన్ని దాంట్లనే ఉంటయ్. క్యాబినెట్ అని సుత అంటరు."

భిక్షపతి గారు మెల్లగా కూర్చున్నారు. కండువా సర్దుకున్నారు.

"క్యాబినెట్," అన్నారు, నోట్లో చక్కెర వేసుకున్నట్టు. "అది ముందుగాల ఖరారు చెయ్. దాని సంగతి నేనే సూసుకుంట. ఇంకేమున్నయ్?"

"మదర్‌బోర్డన్నా. అన్నిట్ల అదే ముఖ్యం. అంటే ఏందంటే..."

"నాకు చెప్తవా?"

నిజమే. ఏదో ఒక బోర్డులో నామినేటెడ్ పదవి కోసం పదేళ్లుగా హైదరాబాద్ చుట్టూ తిరుగుతున్న మనిషికి బోర్డంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

"కార్పొరేషన్లుంటయ్, బోర్డులుంటయ్. మదర్ బోర్డంటె తల్లులది. మహిళా రిజర్వుడు. తల్లి లేకుంట మదర్ బోర్డెట్లయితది?" అని భిక్షపతి గారు చుట్టూ చూశారు. గడప దగ్గర, చంకన పిల్లతో, సమత కనబడింది. "ఓ చెల్లె! నువ్వు తల్లివే గద?"

"అవునన్నా. గా గది ముచ్చట మాట్లాడదమని..."

"రాసుకోండ్రి. మదర్‌బోర్డు: సమత."

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. శాలువా సగం మేఘ ముఖం మీద పడితే ఆ పిల్ల తుమ్మింది. సాయిచంద్ మూడుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి తెరిచినప్పుడు అతని షాపు ఫ్లెక్సీ రోడ్డుకు అడ్డమున్నదని భిక్షపతి గారు గుర్తు చేశారు. ఆ మీటింగ్‌లో ఇక తెరవలేదు.

బయటికి వచ్చాక సమత అతన్ని పట్టుకున్నది. "తమ్మీ, నేనేం చెయ్యాలె? నేను తొమ్మిది దాంకనే సదివిన."

"అక్కా, మదర్‌బోర్డంటె మనిషి కాదు. గింత పలక. పార్టులన్ని దాని మీదనే కూసుంటయ్. అది ఒప్పుకోకుంట ఎంత మంచి పార్టైనా పనికిరాదు."

"ఒప్పుకోకుంటె ఏమైతది?"

"ఇగేమైతది, బిల్డ్ ఆగిపోతది."

ఆ తర్వాత అతను చెప్పినదేదీ సమతకు వినిపించలేదు. పెళ్లయిన అయిదేళ్లలో, తాను ఒప్పుకోకపోతే ఆగిపోయేది ఒకటి ఉన్నదని ఆమె వినడం అదే మొదలు.

తర్వాతి మీటింగ్‌కు సమత అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నది. దారంతా నోట్లో నోట్లో చదువుకున్న మాట పైకి అన్నది.

"మదర్‌బోర్డు ఒప్పుకుంటలేదన్నా."

అధికారం ఎక్కడున్నా భిక్షపతి గారు గుర్తుపడతారు. "ఏంటికి చెల్లె?"

"ఆ గదిల పిల్లలకు పప్పు ఉడుకుతది. పొగకు పార్టులు ఖరాబైతయంట. వేరే జాగ చూడుండ్రి."

"శభాష్!" అని బల్ల చరిచారు ఆయన. సాయంత్రానికి అంగన్‌వాడీ పొయ్యి బయట రేకుల కిందికి పోయింది.

ఇంకో వారం ఆగి సమత మళ్లీ ఒప్పుకోలేదు. "కిటికీలకెల్లి లారీల దుమ్ము వస్తది. దుమ్ము పడితె కంప్యూటర్ నడవదంట."

కిటికీకి చెక్కలు కొట్టించారు.

మూడోసారికి సమత దగ్గర ఒక్క కారణమే మిగిలింది. అది నిజం కూడా. "పిల్లలు ఆగరన్నా. వైర్లు గుంజుతరు. నీళ్లు పోస్తరు. మా మేఘ అందరికన్నా మొదలు గుంజుతది. ఆ గది కంప్యూటర్‌కు పనికిరానే రాదు."

ఇప్పుడిక గది మార్చక తప్పదనుకున్నది. భిక్షపతి గారి కళ్లు చెమర్చాయి.

"సూడుండ్రి," అన్నారు కమిటీతో. "కన్నతల్లి అయ్యుండి, సొంత బిడ్డ కంటె ఊరి కంప్యూటర్‌కు ఎక్కువ ఫికర్ చేస్తున్నది. గిట్లాంటి మదర్‌బోర్డు ఏ జిల్లాల ఉన్నదో చెప్పుండ్రి."

ఏ జిల్లాలోనూ లేదని కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నది. తీర్మానం పుస్తకంలో ఇలా రాసుకున్నారు: 'మదర్‌బోర్డు కోరిక మేరకు అంగన్‌వాడీ పిల్లలను పాత రేషన్ దుకాణం వరండాకు తరలించడమైనది.' కింద సమత సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించారు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. "గిట్ల అనలే అన్నా నేను" అన్నది.

"అన్నవ్ చెల్లె. నువ్వన్నదాన్నే జర మంచి తెలుగుల రాసినం."

పాత రేషన్ దుకాణం వరండాకు తలుపు లేదు. తలుపు లేదు కనుక గొళ్లెం లేదు. రోడ్డుకూ దానికీ నడుమ ఆరడుగుల నేల. అంగన్‌వాడీ ఆయా బీరమ్మ తన పాత గళ్ల చీరను ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి అడ్డం కట్టింది.

"ఆగుతరా అవ్వా?" అని అడిగింది సమత.

"పెద్దోళ్లైతె ఆగుతున్నరు బిడ్డా. పిల్లలు కిందికెల్లి దూరుతున్నరు."

ఇక్కడ ప్రాసెసర్ గురించి కూడా చెప్పాలి. అది కంప్యూటర్‌కు మెదడు లాంటిదని సాయిచంద్ చెప్పాడు. రెండు కంపెనీలవి ఉన్నాయి. ఒకదాని డబ్బా నీలం, ఒకదాని డబ్బా ఎరుపు. ఉప సర్పంచ్ వెంకటయ్య వర్గం కండువాలు నీలం. వార్డు మెంబరు దయానందం వర్గం కండువాలు ఎరుపు.

"ఎర్రది ఏస్తే మేము రాజీనామా" అన్నాడు వెంకటయ్య.

"నీలంది ఏసి చూడు మరి" అన్నాడు దయానందం.

"డబ్బా పారేస్తం గదా, లోపలి పార్టుకు రంగుండది" అన్నాడు సాయిచంద్. ఇద్దరూ కలిసి అతన్ని తిట్టారు. ఆ వర్గాలు కలిసి చేసిన పని అదొక్కటే. చివరికి మెదడు లేకుండానే ముందుకు పోదామని మధ్యేమార్గం కుదిరింది. మెదడు తేలకుండా మిగతా పార్టులు కొనలేమని సాయిచంద్ చెప్పబోతే, "క్యాబినెట్ వచ్చింది. మదర్‌బోర్డు ఉన్నది. ఇగేం గావాలె?" అని భిక్షపతి గారు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు.

ముహూర్తం రోజు పొద్దున పదకొండింటికి పట్నం నుంచి పార్టీ పెద్దాయన వచ్చారు. అంగన్‌వాడీ గదిలో పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద క్యాబినెట్ నిలబడి ఉన్నది. ఒక పక్కంతా అద్దం. ఆరు ఫ్యాన్లు. ఫ్యాన్లకు, లైట్లకు సాయిచంద్ నేరుగా కరెంటు ఇచ్చి, ఎవరికీ కనిపించకుండా గోడకు ఆనుకున్నాడు. సమతను శాలువా కప్పి పక్కన నిలబెట్టారు. పెద్దాయన బటన్ నొక్కగానే ఏడు రంగులు వెలిగాయి. జనం ఈలలు వేశారు.

పెద్దాయన వంగి అద్దంలోంచి చూశారు. ఇంకా వంగి చూశారు.

"భిక్షపతీ, లోపల ఏం లేదేందయ్యా?"

"క్యాబినెట్ సార్," అన్నారు భిక్షపతి గారు. "లైట్లున్నయ్. గాలున్నది."

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన చాలా క్యాబినెట్లను చూసిన మనిషి. "మంచిగున్నది" అని లేచారు.

విలేకరి ఒకతను, కంప్యూటర్ సంగతి కొంచెం తెలిసినవాడేమో, "మదర్‌బోర్డు ఏదన్నా?" అని అడిగాడు.

"ఇగో," అని భిక్షపతి గారు సమత భుజం ముందుకు నెట్టారు. "నిలబడ్డది గద!"

కెమెరాలు మెరిశాయి. అప్పుడే బయట హారన్ మోగింది. పెద్దాయన కాన్వాయ్‌లో బండి తిప్పుతున్నారు. పొడుగాటి హారన్. సమత కదలబోయింది.

"ఆగు చెల్లె, ఫోటో."

రెండో హారన్ మోగింది. తర్వాత బ్రేకు చప్పుడు. శాలువా అక్కడే జారిపోయింది. సమత ఉరికింది. రోడ్డు మీద ఒక షేర్ ఆటో అడ్డంగా ఆగి ఉన్నది. దాని ముందు బీరమ్మ మోకాళ్ల మీద పడి ఉన్నది. ఆమె పిడికిట్లో మేఘ గౌను అంచు. మేఘ ఆటో డ్రైవర్ వైపు చెయ్యి ఊపుతున్నది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. సమత అందులో సగమే పడింది. 'మదర్‌బోర్డుతో యువనేత' అని కింద రాశారు.

క్యాబినెట్ భద్రత దృష్ట్యా అంగన్‌వాడీ గదికి తాళం వేశారు. తాళంచెవి భిక్షపతి గారి దగ్గర ఉన్నది. తలుపు పైన గొళ్లెం కూడా పెట్టారు, తాళం ఒక్కటే చాలదని. నేరెళ్లగూడ విజయం విని పక్క మండలం ఆలూరు వాళ్లు కూడా ఒక క్యాబినెట్ తెప్పించుకున్నారు. రెండు మండలాలకు కలిపి మదర్‌బోర్డు ఒక్కతే. అందుకని ఇప్పుడు సమతను తీసుకుపోవడానికి జీపు ఇంటి ముందుకే వస్తున్నది. రాలేనని సమత చెప్పి చూసింది.

"గట్లంటె ఎట్ల చెల్లె? మదర్‌బోర్డు లేకుంట క్యాబినెట్ ఎట్ల నడుస్తది?"

ఈ గురువారం పదకొండింటికి సమత ఆలూరులో వేదిక మీద ఉంటుంది. మీరెవరైనా ఆ వేళకు మొయినాబాద్ నుంచి చేవెళ్ల వైపు పోతుంటే, నేరెళ్లగూడ పాత రేషన్ దుకాణం దగ్గర జర బండి నెమ్మది చేయండి. వరండాకు గళ్ల చీర కట్టి ఉంటుంది. పిల్లల్ని లెక్కపెట్టండి. పన్నెండు మంది ఉండాలి. పసుపు గౌను పిల్ల మేఘ. చీరకు ఇవతల కనిపిస్తే ఎత్తి లోపల దించండి.

హారన్ మాత్రం కొట్టకండి.