మూడో రకం లోపం

సోమవారం అర్జీ పెట్టుకోవాలంటే సొంత ముఖాన్ని కౌంటర్లో వదిలి, దాని అచ్చులో పోసిన రబ్బరు ముఖం తగిలించుకుని అధికారి ముందుకు వెళ్ళాలన్న నిబంధన ఆ జిల్లాలో వచ్చి పదకొండేళ్ళయింది. సన్యాసమ్మ ఉద్యోగానికీ అంతే వయసు. అచ్చులోంచి తీసిన ముఖాలను రంగు వేసేముందు నున్న చెయ్యడం ఆమె పని.

తేలికైన పనేం కాదు. రబ్బరు పాలు గడ్డకట్టేటప్పుడు గాలిబుడగలు లేస్తాయి. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట అతుకు గీత పడుతుంది. బుడగను సూదితో గుచ్చి, చిక్కటి రబ్బరు పాలతో పూడ్చి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి. లోపాల రిజిస్టరులో బుడగది మొదటి రకం, అతుకుది రెండో రకం. మూడోది కోపం. అది కనుబొమల మధ్య మడతగానో, దవడ దగ్గర ముడిగానో వస్తుంది. దాన్ని నున్న చెయ్యకుండా రంగు వేస్తే అక్కడే పగులుతుంది. పగిలిన ముఖాన్ని చూస్తూ అధికారులు పని చెయ్యలేరని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది.

ఆషాఢంలో గున్నమ్మ ముఖం వచ్చింది. ఆమె భర్త రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి చనిపోయాడు. ఆ బాయిలరు గదికి బయటినుంచి తాళం ఎవరు వేశారో చెప్పమని ఆమె అర్జీ. అచ్చులో కనుబొమల మధ్య మడత లోతుగా పడింది. సన్యాసమ్మ పూడ్చి, రుద్దింది. గంటకల్లా మడత మళ్ళీ లేచింది. కొత్తగా పోయించింది. మళ్ళీ లేచింది. మూడోసారి మడతకు తగిలి ఉప్పుకాగితమే చిరిగింది.

ఆమె చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్ళింది. గున్నమ్మ ముఖం లేకుండా, టోకెను పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ముఖం వదిలినవాళ్ళ మాట గొంతులోంచే వస్తుంది. చెవి ఒగ్గితే తెలుస్తుంది.

"ఏటమ్మా, ఈ మడత ఎప్పటి నుంచి?"

"మా ఆయన్ని గోనిసంచిలో తెచ్చిన కాణ్ణించి."

"తీసీడానికి నానా తంటాలూ పడతన్నాను."

"తీసీకు తల్లీ," అంది గున్నమ్మ. "నా నోటంట మాట రాపోయినా, లోపలున్న ఆఫీసరు బాబు దాన్నయినా సూడాల."

సన్యాసమ్మకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా తను రుద్దిన నుదుళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎంత శ్రద్ధగా రుద్దింది! బల్ల దగ్గరకు వచ్చి, రిజిస్టరులో 'లోపం లేదు' అని రాసి, ముఖాన్ని మడతతోనే రంగుల గదికి పంపేసింది.

సూపరింటెండెంటు శేషావతారం గారు ఆ ముఖాన్ని పట్టుకుని వచ్చారు. మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచరు.

"ఇది నీకు కనపడలేదా సన్యాసమ్మా?"

"అగుపించింది బాబూ. ఆఫీసరు బాబుకీ అగుపించాలనే ఒగ్గీసినాను."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. ఉన్న లోపాన్ని లేదని రాస్తే, ఆ లోపాన్ని రాసినవారిదిగా పరిగణించాలి. ఆయన ఆ మాటే బాధగా చదివి వినిపించారు. ఆ పూటే సన్యాసమ్మ ముఖాన్ని కౌంటర్లో పెట్టించుకుని అచ్చు తీశారు. మూడో రకం పనిలో ఆమెకు సాటి ఎవరూ లేరు కనుక, ఆ ముఖాన్ని ఆమె బల్ల మీదే పెట్టారు. అది నున్నబడితే తప్ప అసలు ముఖం తిరిగి ఇవ్వరు.

తొమ్మిది రోజులు రుద్దింది. పళ్ళు బిగించి రుద్దింది. పళ్ళు బిగించినప్పుడల్లా రబ్బరు దవడ దగ్గర కొత్త ముడి లేచింది. పదో రోజు చేతులు వాటంతటవే కదిలాయి. ముఖం చక్కగా నున్నబడింది. ఈలోగా గున్నమ్మ ముఖాన్ని వేరే ఊరి నుంచి వచ్చిన యంత్రం అరగదీసింది. ఆమె చిరునవ్వుతో లోపలికి వెళ్ళివచ్చింది. అర్జీ సంతృప్తికరంగా ముగిసినట్టు నమోదైంది.

ఇప్పుడు మూడో రకం దాదాపు రావడంలేదు. మొన్న సోమవారం కిటికీలోంచి సన్యాసమ్మ చూస్తుండగా, వరుసలో ఒక తల్లి, కళ్ళు ఎర్రబడిన కూతుర్ని దగ్గరకు లాక్కుని, నుదుటి మీద బొటనవేలితో అటూ ఇటూ రాసింది.

"ఇక్కడిలా ఉంచీకమ్మా. మనకి పనవ్వాల," అంది.

ఆ పిల్ల ముఖం అచ్చులోంచి వచ్చినప్పుడు సన్యాసమ్మ చెయ్యవలసిందేమీ మిగల్లేదు. నేరుగా రంగుకు పంపింది.