మోకాళ్ల స్వచ్ఛంద విరమణ

సోమవారం ఉదయం నీటిపారుదల కార్యాలయం సూపరింటెండెంటు సాంబమూర్తి మంచం దిగబోయేసరికి, ఆయన మోకాళ్లు రెండూ స్వచ్ఛంద పదవీ విరమణ కోరుతూ దరఖాస్తు పెట్టేసి ఉన్నాయి. ఎడమది సంతకం చేసింది. చదువురాని కుడిది ముద్ర వేసింది. కారణం దగ్గర, "నలభై ఎనిమిదేళ్ల సర్వీసులో గత ఇరవయ్యేళ్లుగా మాకు పని చెప్పినవారు లేరు" అని ఉంది.

"ఎన్ని కాపీలు పెట్టాయండీ?" కాఫీ అందిస్తూ అడిగింది భార్య హైమవతి.

"మూడు."

"అయితే పద్ధతి ప్రకారమే పెట్టాయి."

ఇద్దరూ ఆటోలో అవయవ సేవల కార్యాలయానికి వెళ్లారు. బెంచీ మీద ఒకాయన, తన నడుము ఇచ్చిన మెమోకు సంజాయిషీ రాసుకుంటున్నాడు. గుమాస్తా దరఖాస్తు తీరిగ్గా చదివాడు.

"ఆపొచ్చు సార్. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. మొదట రోజుకు ఐదుసార్లు. వారానికొకటి పెంచుకోండి. ఆర్నెల్లు మానకూడదు. అంతే."

"నేనే చెయ్యాలా?"

గుమాస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు. "మీ తరఫున ఇంకొకళ్లు చెయ్యొచ్చు. వచ్చినవాళ్లంతా అదే అడుగుతున్నారు సార్."

సాంబమూర్తికి ప్రాణం లేచొచ్చింది. నిలబడ్డపాటున భార్య పేర అధికారపత్రం రాసిచ్చేశాడు.

"మీ మోకాళ్లకి నేను గుంజీలు తియ్యాలా?" అని హైమవతి వారం రోజులు సణిగింది. కానీ మానలేదు. మొదట వంటింటి గట్టు పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆయాసపడుతూ లేచింది. మూడో నెలకల్లా బియ్యం సంచి చంకనెత్తుకుని లేవసాగింది. సాంబమూర్తి ఎదురుగా కూర్చుని, పేపరు మడవకుండానే "కానీ, కానీ" అని హుషారు చేసేవాడు. ఆ లెక్క రాసే రిజిస్టరులో సంతకం మాత్రం తనే పెట్టేవాడు.

"మీరూ ఒక్కసారి లేవకూడదూ?"

"రేపట్నించి."

ఆర్నెల్లకు విచారణ జరిగింది. మోకాళ్లు క్లుప్తంగా వాంగ్మూలమిచ్చాయి: పని చెప్పినావిడ దగ్గరే చేరతాం. నిబంధనల్లో అడ్డు లేదు. ఉత్తర్వులు అప్పటికప్పుడే వెలువడ్డాయి.

హైమవతి ఆ కార్యాలయం రెండంతస్తుల మెట్లు గబగబా దిగి, సరదాకి మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. సాంబమూర్తిని కుర్చీతో సహా దించారు. ఆమె చకచకా నడుస్తుంటే ఆయన, కాస్త చెయ్యందించవే అనబోయాడు. గుమాస్తాలు చూస్తున్నారని దర్జాగా వెనక్కి వాలాడు.

పదిహేను రోజుల్లో ఆయనకు ప్రమోషను వచ్చింది. సీటు వదలని అంకితభావమే అర్హత అని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. సన్మానం నాడు దండ వేస్తుంటే ఆయన అలవాటు చొప్పున లేవబోయాడు. పక్క సెక్షను సూపరింటెండెంటు ఒళ్లోని దుప్పటి సర్దుకుంటూ, ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"కొత్తలో లేవాలనిపిస్తుందండీ. పోతుంది."

ఇంతలో పై అధికారిని కుర్చీతో సహా నలుగురు మోసుకొచ్చారు. ఆయన పట్ల గౌరవంతో హాలంతా కూర్చునే ఉంది.