జరగని ప్రమాదానికి ఆధారం

గత ఆరు నెలల్లో తమ విమానాలన్నీ మొదటి ప్రయత్నంలోనే నేలకు దిగాయని, ఒక్కటి మాత్రం దిగలేదని, దానికి బాధ్యులైన వారి మీద తగిన చర్య తీసుకుంటామని విమాన సంస్థ యాజమాన్యం సంతోషాన్నీ విచారాన్నీ ఒకే కాగితం మీద ప్రకటించింది.

ఆ బాధ్యురాలు ఇరవై ఏళ్లుగా విమానాలు నడుపుతున్న కెప్టెనమ్మ. ఆవిడ చేసిన నేరం ఇది. మంగళవారం మధ్యాహ్నం విమానం దించబోతూ చూస్తే, ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే మీదే ఉంది. ఇంకో పావు నిమిషంలో చక్రాలు నేలను తాకుతాయి. ఆవిడ "గో-అరౌండ్" అని ఒక్క మాట అని, ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చి, దిగుతున్న విమానాన్ని మళ్లీ ఆకాశంలోకి లేపేసింది.

అలా లేపడం ఆడుతూ పాడుతూ చేసే పని కాదు. ముక్కు మరీ ఎత్తితే వేగం పడిపోతుంది, ఎత్తకపోతే నేల తగులుతుంది. చక్రాలు లోపలికి తీయాలి, రెక్కల పలకలు ముడవాలి, పక్క నుంచి ఎగిరే విమానానికి అడ్డం పోకూడదు. ఇదంతా ఇరవై సెకన్లలో జరగాలి. ఆ రోజు పక్క సీటులోని కో-పైలట్ చక్రాలు తీయడమే మరిచిపోయాడు. పాపం, అతని తప్పేమీ లేదు. ఈ విద్యను నేల మీద ఉండే నకిలీ విమానంలో ఆరు నెలలకోసారి సాధన చేయించేవారు. ఎవరూ చేయని పనికి సాధన దండగని యాజమాన్యం కిందటేడు దాన్ని ఎత్తేసింది.

ఎవరూ చేయకపోవడానికీ ఒక పద్ధతి ఉంది. విమానం దబ్బున పడినా, రన్‌వే చివరి మూరలో ఆగినా పైలట్ ఏ కాగితమూ రాయనక్కర్లేదు. దిగకుండా లేస్తే మాత్రం పద్నాలుగు పేజీల కారణపత్రం నింపాలి. అందులో తొమ్మిదో పేజీ: "ఈ నిర్ణయం తీసుకోకుండా ఉండటానికి మీరు చేసిన ప్రయత్నాలు వివరించండి." తలపండిన పైలట్లంతా ఆ పేజీ చూశాక, ఎలాగోలా దిగడమే సుఖమని తేల్చుకున్నారు.

కెప్టెనమ్మ భోజనాల బల్ల ముందు కూర్చుని ఆ పత్రం నింపుతుంటే అత్తగారు కళ్లజోడు సవరించుకుంటూ వచ్చింది.

"ఏంటమ్మా, ఈ వయసులో పరీక్షలు రాస్తున్నావా?"

"సంజాయిషీ అత్తయ్యా. విమానం దించకుండా పైకి లేపేశానని."

"స్టాపులో ఆపకుండా పోతే బస్సు డ్రైవర్ని మేమూ తిట్టేవాళ్లంలే."

"స్టాపులో అడ్డంగా ఇంకో బస్సు ఉంది అత్తయ్యా."

"ఆ ముక్క రాసి పారేయక, పద్నాలుగు పేజీలెందుకే?"

ఈ ప్రశ్న ఆ పత్రంలో ఎక్కడా లేదు.

గురువారం విచారణ సంఘం కూర్చుంది. మధ్యలో అధ్యక్షుడు. ఒక పక్క ప్రయాణికుల సంతోష విభాగం అధికారిణి. ఇంకో పక్క బాధితుల తరఫున ఒక బట్టల వ్యాపారి. ఆయన తన చొక్కాను కవర్లో పెట్టి తెచ్చాడు.

"గుండె గొంతులోకొచ్చిందండీ. కాఫీ చొక్కా మీదికొచ్చింది. గుండె సర్దుకుంది గానీ మరక మాత్రం పోలేదు."

సంఘం చొక్కాను తిప్పి తిప్పి చూసి, అధికారిణి కన్నీరు తుడుచుకున్నాక పని మొదలుపెట్టింది.

"భద్రతే మా ఊపిరి," అన్నాడు అధ్యక్షుడు. "భద్రత దగ్గర మాకు రాజీ లేదు. కాబట్టే అడుగుతున్నాను. మీరు దిగి ఉంటే ఏమయ్యేది?"

"ముందున్న విమానాన్ని గుద్దేవాళ్లం సార్."

"గుద్దారా?"

"లేదు సార్."

"మరి గుద్దేవారని ఆధారం ఏది? మరక కళ్ల ముందుంది. ప్రమాదం ఎక్కడుంది? అదే ప్రమాదం జరిగి ఉంటే, మీరు విమానం లేపి ఉండాల్సిందని ఈ సంఘమే ముక్తకంఠంతో చెప్పేది!"

అందరూ తలలూపారు. ఆ తర్కంలో వేలు పెట్టడానికి సందు లేదు.

"నన్నేమైనా అనండి సార్," అంది కెప్టెనమ్మ. "ఆ సాధన మాత్రం మళ్లీ పెట్టించండి. ఆ రోజు లేవడంలోనే సగం ప్రమాదం చూశాం. మళ్లీ అవసరమొస్తే మా వాళ్లకు చేతులాడవు."

"అవసరం రానివ్వకండి," అన్నాడు అధ్యక్షుడు దయగా.

తీర్పు కూడా దయగానే వచ్చింది. "ఇకపై దిగబోయిన ప్రతిసారీ దిగుతాను" అని సంతకం పెడితే కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఆవిడదే. పెట్టకపోతే సహాయకులు కూర్చునే కుడి సీటు. ఆ ఎడమ సీటు కోసం ఆవిడ పదకొండేళ్లు ఎదురుచూసింది. కాగితం రెండుసార్లు చదివింది. కలం మూత పెట్టి, బల్ల మీద ఉంచి, లేచి వచ్చేసింది.

మరుసటి వారం కుడి సీటులో కూర్చుంది. ఎడమ సీటులో ఆరేళ్లుగా ఒక్కసారి కూడా దిగకుండా పైకి లేవని కెప్టెన్ గారు. అందుకే మర్నాడు ఆయనకు సన్మానం. వాన పడి రన్‌వే తడిగా ఉంది. గాలి వెనక నుంచి తోస్తోంది. రన్‌వేలో మూడో వంతు కింద నుంచి జారిపోయినా చక్రాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"వేగం ఎక్కువుంది సార్. గో-అరౌండ్."

"ఊరుకో తల్లీ."

"రన్‌వే అయిపోతోంది! గో-అరౌండ్!"

"రేపు సన్మానం పెట్టుకుని ఆ పద్నాలుగు పేజీలు ఎవరు రాస్తారమ్మా?"

"నేను రాస్తాను!"

అప్పటికే విమానం దబ్బున పడింది. పైనున్న పెట్టెలు ఊడి తలల మీద పడ్డాయి. రెండు టైర్లు పేలాయి. రన్‌వే దాటి, గడ్డి దున్నుకుంటూ పోయి, ప్రహరీ గోడకు నాలుగడుగుల దూరంలో ఆగింది. ఎవరూ చావలేదు కాబట్టి, నిబంధనల ప్రకారం ఏమీ జరగలేదు. తర్వాత లోపలంతా చప్పట్లు మోగాయి. గడియారం చూస్తే, చెప్పిన వేళకంటే నాలుగు నిమిషాలు ముందే చేరారు.

కెప్టెనమ్మ చేతులను ఒళ్లో పెట్టుకుని ఆ చప్పట్లు ఆగేదాకా విన్నది.

ఆ రోజు సంస్థకు నలభై ఒక్క ఫిర్యాదులు అందాయి. అన్నీ, విమానం దిగే మెట్లను గోడ దాకా తేవడంలో ఆలస్యం జరిగిందనే. పాఠక మహాశయా, మీరు రాసింది వాటిలో నాలుగోది. చేతిరాత ముత్యాల్లా ఉంది.