నీలమ్మ వేలి మీద జీడి మరక

డెబ్బయ్యెనిమిదిలో ఎన్నికల రోజు. పొద్దున్నే ఓటు వేసి వచ్చి, ఆ తర్వాత బట్టలు ఉడకేసే బట్టీకి నిప్పు పెట్టాలన్నది నీలమ్మ ఆలోచన. కార్వాన్ బస్తీలో సగం ఇళ్ల బట్టలు ఉతికేది ఆమే. ఎవరి బట్టలు వారికి చేరాలని, ఇంటికో గుర్తు చొప్పున కాలర్ లోపల నల్లజీడి రసంతో చుక్కలు పెడుతుంది. బట్ట కింద ఎడమ చూపుడువేలు ఆనించి సూదితో గుచ్చుతుంది కనుక, రసం దిగి దిగి ఆ వేలు నల్లగా మారిపోయింది.

పోలింగు బూత్‌లో ఆఫీసరు ఆ వేలు చూడగానే ఆమె ఓటరు చీటీ వెనక్కి తోశాడు. "ఒకసారి వేసి మళ్లీ వచ్చావా?"

"సిరా గాదు సారూ, జీడి! బట్టలకు గుర్తులు వెడ్త. గీ ప్రహ్లాద్ సేఠ్‌ను అడుగుండ్రి, వాళ్లింటి బట్టలు నేనే ఉతుకుత."

పార్టీ ఏజెంటుగా బెంచీ మీద కూర్చున్న ప్రహ్లాద్ పైకప్పు వైపు చూశాడు. అక్కడ బల్లి కూడా లేదు. తన పార్టీ కాగితం గోడకు అంటించనివ్వలేదని ఆమె మీద అతనికి కడుపులో మంట. "నాకేం ఎరుక సార్? రూల్ అంటే రూల్" అన్నాడు.

నీలమ్మకు ఒళ్లు మండిపోయింది. బయట కుళాయి దగ్గర సోడా, ఇటుకపొడి పెట్టి వేలు తోమింది. తోలు లేచింది గాని నలుపు పోలేదు. తిరిగి లోపలికి వచ్చేసరికి ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

"సిరా చెరిపేద్దామనే? అది నేరం! కానిస్టేబుల్!"

"నేను దొంగనా?" నీలమ్మ ఒక్క అంగలో వెళ్లి ప్రహ్లాద్ కాలర్ పట్టుకుని తిరగేసింది. లోపల మూడు నల్లచుక్కలు. "గివి ఎవరు వెట్టిన్రు? మీ పార్టీ వెట్టిందా? నోరెందుకు లేస్తలేదు, సిగ్గు లేదా?"

కానిస్టేబుల్ మెల్లగా తన కాలర్ కూడా తడుముకున్నాడు. ఆఫీసరు ఆ చుక్కలనూ ఆమె వేలినీ పోల్చి చూసి, ఓటు కాగితం ఇచ్చి, ఆ నల్లటి వేలి మీదే సిరా పూశాడు. ఎక్కడ పూశాడో అతనికే కనిపించలేదు. ప్రహ్లాద్‌కు మాత్రం ఆ సంగతి బాగా కనిపించింది.

మధ్యాహ్నం బట్టీ దగ్గరకు చేతులు కట్టుకుని వచ్చాడు. "నీలమ్మక్కా, పొద్దుగాల తప్పైంది. నీ వేలు మీద సిరా కనవడది గదా? సచ్చిపోయిన బుచ్చమ్మ పేరు ఇంకా లిస్టుల ఉన్నది. పక్క బూత్‌ల పోయి ఒక్క ముద్ర గుద్దిరా. నీ ఫికర్ నాది."

తన సొంత ఓటును దొంగ ఓటన్నవాడే ఇప్పుడు నిజం దొంగ ఓటు వెయ్యమంటున్నాడు! నీలమ్మ చేతిలో సూది ఆపి, గొంతు తగ్గించింది.

"నీ ఓటు ఏసినవా సేఠ్?"

"ఇంక ఎయ్యలే. నాలుగు దాటినంక గడియ మంచిగున్నదన్నడు పంతులు."

"మరి జీడి మీద సిరా కనవడదని నాకు నమ్మకమేంది? నీ వేలు తే, జీడి వెడ్త. నువ్వు ఓటేసినంక సిరా కనవడ్తదో లేదో చూద్దాం."

ప్రహ్లాద్ మురిసిపోయి చూపుడువేలు చాపాడు. నీలమ్మ జీడిగింజను లోతుగా గుచ్చి, గోరు మీద నుంచి కణుపు దాకా తీరిగ్గా పూసింది.

"మంటవెడ్తుంది అక్కా! పోతదా ఇది?"

"ఎందుకు పోదు సేఠ్? నెల దాటితే పోతది."

నాలుగు దాటాక ఓటు వెయ్యబోతే, పొద్దుటి ఆఫీసరే ఆ వేలు చూశాడు. "జీడే సార్" అన్నాడు ప్రహ్లాద్.

"మీరూ బట్టలు ఉతుకుతారా?"

జీడి ఎలా అంటిందో చెప్పాలంటే, బట్టీ దగ్గరకు ఎందుకు పోయాడో చెప్పాలి. ప్రహ్లాద్ పైకప్పు వైపు చూశాడు.

ఆఫీసరు చీటీ వెనక్కి తోశాడు. "రూల్ అంటే రూల్ సేఠ్‌గారూ."