టైగర్‌కి సూది మందు

ఉదయం ఆరున్నరకి కూర్మన్నపాలెంలో ఆటో ఎక్కాలి, ఎనిమిదింటికి సీతమ్మధారలో పశువుల డాక్టరు చేత టైగర్‌కి సూది మందు వేయించాలి. స్టీల్ ప్లాంటు ఫిట్టరు సింహాద్రి వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో తప్పేమీ కనపడదు. అందుకే భయపడాలి.

ఈ కుక్క పేరుకే టైగర్. సూదిని చూస్తే ముందు వణుకుతుంది, తర్వాత కరుస్తుంది. కిందటిసారి డాక్టరుగారి చేతికే కట్టు కట్టాల్సొచ్చింది.

"ఈసారి కూడా కరిసిందా, మా తమ్ముడు దీన్ని సోంపేట అట్టుకుపోతాడు. మాటంటే మాటే!" అంది భార్య నాగమణి.

సింహాద్రి ప్రాణం ఉసూరుమంది. నెల్లాళ్ళు డ్యూటీ దిగి ఇంట్లోకి రాగానే చాప పరిచాడు. టైగర్ కాలు పట్టుకుని, మెడకి ఖాళీ సిరంజి ఆనించి, కదలకపోతే ఒక ఎండురొయ్య పెట్టాడు. చివరికి టైగర్ తనే పక్కకి ఒరిగి, కాలు చేతిలో పెట్టి, నోరు తెరవడం నేర్చుకుంది.

ఆ ఉదయం సింహాద్రి, నాగమణి టైగర్‌తో ఆటో ఎక్కేసరికి జంక్షన్‌లో నైట్ షిఫ్టు వాళ్ళు బస్సు దిగుతున్నారు, నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్లతో. టైగర్ ఆటోలోంచి దూకి, మొదటి హెల్మెట్టు ముందు రోడ్డు మీద ఒరిగిపోయింది. కాలు చాపి, నోరు తెరిచింది.

"ఓలమ్మో! ఆటో గుద్దీసింది బావా!"

"నానేటి సేసినాను? అదే దూకింది!" అన్నాడు ఆటోవాడు.

"నోరు తెరిసీసింది, పేనం పోతన్నాది! నీల్లు పొయ్యండి!"

చుట్టూ ఇరవై హెల్మెట్లు. టైగర్ ఒక్కొక్కరికీ కాలు అందిస్తోంది. వెనక రెండు బస్సులు ఆగిపోయాయి. సింహాద్రి దోస్తు సూరన్న చెమట తుడుచుకోడానికి హెల్మెట్టు తీశాడు. చచ్చిపోతున్న కుక్క లేచి గుర్రుమంది. పెట్టుకున్నాడు. పడుకుంది.

సింహాద్రి నెత్తి కొట్టుకున్నాడు. నెల్లాళ్ళూ ఆత్రంలో హెల్మెట్టు తియ్యకుండానే నేర్పాడు మరి! ఇవాళేమో తల దువ్వుకుని వచ్చాడు.

"కుక్క నీదేనా? రోడ్డు క్లియరయ్యేదాకా కదలకు," అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబుల్.

సూరన్న తన హెల్మెట్టు నాగమణి చేతిలో పెట్టాడు. "దీన్ని నువ్వట్టుకెల్లు వొదినా, టైమైపోతన్నాది."

"నానెల్లాలా!" అంది నాగమణి. ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. ఓడితే అదే ఓడాల. నానెల్లక ఓడిందంటే నాకు మాటొత్తాది."

మల్లెపూల ముడి మీద హెల్మెట్టుతో ఆమె ఆస్పత్రిలో కూచుంటే డాక్టరు నవ్వాపుకుంటూ, కాటు మచ్చ ఉన్న చెయ్యి వెనక్కి దాచుకుని వచ్చాడు. నాలుగేళ్ళలో ఆమె ఆ కుక్కని ముట్టుకున్నది లేదు. టైగర్ ఆమె మొహంలోకి చూసి, పక్కకి ఒరిగి, కాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. సూది దిగింది. కాలు వణికింది గానీ వెనక్కి తీసుకోలేదు.

తర్వాత నోరు తెరిచి ఎదురుచూసింది. రొయ్యల పొట్లం సింహాద్రి జేబులోనే ఉండిపోయింది. నాగమణికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంటికెల్లినాక రొయ్యలెడతాన్రా తండ్రీ," అంది దాని తల నిమురుతూ.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు నాగవంశీ కొత్త తాడు పట్టుకుని అరుగు మీద కూచునున్నాడు. నాగమణి తమ్ముడికి కడుపునిండా అన్నం పెట్టి సోంపేట బస్సెక్కించి, తాడు మాత్రం బట్టలారేసుకోడానికి ఉంచేసుకుంది.