మూడో అల దాటిన డ్రోన్

ఒడ్డున నిలబడిన మనిషికీ నీళ్లలో తిరిగే చేపకూ మధ్య సృష్టి మొదలైననాటి నుంచీ ఉంటూ వస్తున్న దూరాన్ని, తక్షణమే అమలులోకి వచ్చేలా రద్దు చేస్తున్నట్టు మత్స్యశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఇంతకు ముందు ఏ మంత్రీ దూరం జోలికి పోలేదు. రోడ్లు వేసినవారున్నారు, వంతెనలు కట్టినవారున్నారు. వారందరూ దూరాన్ని దాటడానికి శ్రమపడినవారే తప్ప, దాన్ని ఒక్క సంతకంతో ఎత్తివేసిన ధీశాలులు కారు.

పథకం పేరు ‘ఆకాశ గాలం’. ఎర గుచ్చిన గాలాన్ని డ్రోన్ పట్టుకుని నాలుగు వందల మీటర్లు ఎగిరి, చేపలున్న చోట వదిలిపెట్టి వస్తుంది. తాడు ఈ కొస ఒడ్డున కర్రకు చుట్టి ఉంటుంది. జాలరి కుర్చీలో కూర్చుంటాడు. మిగిలిన పని చేప చూసుకుంటుంది.

ఈ సంగతి మూడో అల మామకు బుధవారం తెలిసింది.

ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎవరి నోటా లేదు. “చేపంటూ ఉంటే మూడో అల అవతలే ఉంటుంది” అని నలభై ఏళ్లుగా చెబుతున్నందుకు ఆ పేరు స్థిరపడింది. తొమ్మిదేళ్ల కిందట గాలివానకు ఆయన పడవ నడిమికి విరిగింది. అప్పటి నుంచి ఒడ్డున నిలబడే గాలం విసురుతున్నాడు. కుడి భుజం కీలు అరిగిపోయింది కనుక ఎర రెండో అలలో పడుతుంది. అక్కడ తిరిగేవి బుద్ధి తెలియని పిల్లచేపలు. వాటిని పట్టడం మామకు నామోషీ. పట్టకపోతే పొయ్యి వెలగదు.

అందుచేత చిన్న పడవ ఒకటి ఇప్పించమని తొమ్మిదేళ్ల కిందటే దరఖాస్తు పెట్టాడు. ప్రతి నెలా ఒకటో తేదీన మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ దరఖాస్తు యోగక్షేమాలు కనుక్కుని వస్తాడు. కార్యాలయం వరండాలో మంచి కుర్చీలున్నాయి. వాటి వీపుల మీద ‘లబ్ధిదారులకు మాత్రమే’ అని రాసి ఉంది. మామ అప్పటికి దరఖాస్తుదారు మాత్రమే. కాబట్టి ముందున్న తోటలో, సరికొత్త ఫైబర్ పడవ ఒకటి ఉంటే, దాని పక్కన నేల మీద కూర్చునేవాడు. ఆ పడవ లబ్ధిదారులకు చూపించడానికి పై కార్యాలయం పంపిన నమూనా. లబ్ధిదారులు తేలేలోగా ఖాళీగా ఉంచడం దేనికని తోటమాలి అందులో ముప్పై రెండు క్రోటన్ కుండీలు వరుసగా పేర్చాడు.

బుధవారం నాడు అసిస్టెంట్ డైరెక్టరు గారు, అంటే ఎ.డి. గారు, ఫైలు చంకన పెట్టుకుని స్వయంగా మామ ఇంటికి విచ్చేశారు.

“పెద్దాయనా, శుభవార్త. నీ ఫైలు కదిలింది.”

మామ గుండె అల మీద పడవలా ఒక్కసారి లేచింది. “పడవ ఇస్తున్నారా బాబూ?”

“పడవ కాదు. అంతకన్నా ఎత్తుది.” ఎ.డి. గారు ఫైలు తెరిచారు. “ఇదిగో, ఏడో గడి. పడవ ఎందుకు కావాలి? ‘మూడో అల దాటడానికి.’ ఇది నువ్వు రాసిందేనా?”

“రాత మా అమ్మాయిదండి. మాట నాదే.”

“ఇప్పుడు నీ ఎరను డ్రోన్ మూడో అల దాటిస్తుంది. అంటే ఏడో గడి నెరవేరింది. గడి నెరవేరాక పడవతో పనేముంది? అసలు నీకు కావలసింది పడవా, మూడో అలా?”

మామ నిజాయితీగా ఆలోచించాడు. “మూడో అలేనండి.”

“చూశావా మరి!”

మామ భార్య గుమ్మంలోంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఎర దాటుతుంది సరే బాబూ. ఈయన ఎప్పుడు దాటుతాడు?”

“ఆయన దాటనక్కర్లేదమ్మా. చేప తినేది ఎరను గాని ఆయన్ని కాదు కదా.”

ఈ వాదనలో లోపం ఎక్కడుందో మామకు అందలేదు. ముప్పై ఏళ్లు నోట్ ఫైళ్లు రాసిన చెయ్యి అది. పద్ధతి కూడా ఎ.డి. గారే వివరించారు. శుక్రవారం ప్రారంభోత్సవంలో మంత్రిగారు మామను, ఎర మూడో అల దాటిందా అని అడుగుతారు. దాటిందని చెప్పి ‘సంతృప్తి పత్రం’ మీద సంతకం పెడితే పడవ దరఖాస్తు శాశ్వతంగా మూతపడుతుంది.

ఆయన వెళ్లాక భార్య అందుకుంది. “చూడు, ఆ రోజు నోరు జారకు. కనబడలేదండి, కళ్లు మసకలు అను. దరఖాస్తు బతికుంటుంది.”

“సముద్రం గురించి అబద్ధం చెప్పమంటావా?”

“సముద్రం గురించి ఎవరు చెప్పమన్నారయ్యా? నీ కళ్ల గురించి చెప్పు.”

గురువారం రిహార్సల్ జరిగింది. నల్ల కళ్లద్దాల పైలట్ ఒకాయన వచ్చి డ్రోన్‌ను ఇసుక మీద పెట్టాడు. అది రొయ్య ముక్క గుచ్చిన గాలం పట్టుకుని లేచి, మొదటి అల, రెండో అల, మూడో అల వరసగా దాటి, ఎర వదిలి, వచ్చి కాళ్ల దగ్గర వాలింది. మామ నోరు వెళ్లబెట్టాడు. పని తెలిసినవాళ్లను ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ వెనుకాడడు. పావుగంటలో కర్ర వంగింది. చెయ్యంత పొడవు చేప ఒడ్డున పడి ఎగిరింది. తొమ్మిదేళ్లలో అంత చేపను మామ చూడలేదు.

“వెనక్కి వేసెయ్యి,” అన్నారు ఎ.డి. గారు.

“దేన్నండి?”

“చేపను. ప్రారంభం కాకముందు పడిన చేపను నేను ఏ రిజిస్టరులో ఎక్కించను? రేపు పడితేనే లెక్క.”

మామ చేపను నీళ్లలో వదిలాడు. దూరం నుంచి చూస్తున్న భార్య అడిగింది: “రేపు ఎన్నింటికి రావాలో దానికి చెప్పారా?”

శుక్రవారం షామియానా, మైకు, పెద్ద రిబ్బను అన్నీ వచ్చాయి. మంత్రిగారు మరో నలభై నిమిషాల్లో వస్తారనగా భద్రతాధికారి వచ్చాడు. ఇసుక మీద ముస్తాబై ఉన్న డ్రోన్‌ను చూసి, ఇదేమిటని అడిగాడు.

“డ్రోన్ అండి. ఇవాళ ఎగిరేది ఇదే,” అన్నారు ఎ.డి. గారు.

“ఎగరదు. మంత్రిగారికి కిలోమీటరు లోపల గాలిలో ఏదీ ఎగరకూడదు. రూల్.”

“కాకులు ఎగురుతున్నాయి కదండీ.”

“వాటి సంగతి పై అధికారులకు రాశాం. జవాబు రావాలి.”

“ఆయన వచ్చేదే దీన్ని ఎగరెయ్యడానికండీ!”

“రానివ్వండి. ఎగరెయ్యనివ్వను.”

“పోనీ, డ్రోన్‌ను కిలోమీటరు అవతల ఎగరేస్తే?”

“మంత్రిగారికి కనబడదు. కనబడనిదాన్ని ప్రారంభించడం ఆయన హోదాకు తగదు.”

సామాన్యుడైతే అక్కడ కూలబడేవాడు. ఎ.డి. గారు కళ్లు మూసుకుని ఒక్క నిమిషం నిలబడ్డారు. తెరిచేసరికి ఆ కళ్లలో ఒక కొత్త పేరా మెరుస్తోంది.

“ఎగరకూడదన్నారు. వెళ్లకూడదని అనలేదు కదా?”

భద్రతాధికారి రూలు పుస్తకం తిరగేశాడు. వెళ్లకూడదని ఎక్కడా లేదు.

ఇరవై నిమిషాల్లో కార్యాలయం తోటలోని నమూనా పడవ లారీ మీద వచ్చింది. హడావుడిలో ముప్పై ఒక్క కుండీలు దించగలిగారు. ముప్పై రెండోది వెనక కొసన ఇరుక్కుని రానని మొరాయించింది. డ్రోన్‌ను పడవ ముక్కు మీద పెట్టి, పొరపాటున కూడా ఎగరకుండా తాడుతో బిగించి కట్టారు. భద్రతాధికారి స్కేలు తెచ్చి, డ్రోన్ కాళ్లకూ పడవకూ మధ్య ఎత్తు కొలిచి, ‘సున్నా సెంటీమీటర్లు’ అని రాసుకుని సంతకం పెట్టాడు.

“తెడ్డు ఎవరు వేస్తారు?” అన్నాడు పైలట్. “నాకు నీళ్లంటే తల తిరుగుతుంది.”

అందరూ మామ వైపు చూశారు.

“ఈయన లబ్ధిదారు. ఒడ్డున కుర్చీలో ఉండాలి,” అన్నారు ఎ.డి. గారు. మళ్లీ ఒక్క క్షణం ఆలోచించి, తానే కుర్చీలో కూర్చుని గాలపు కర్ర పట్టుకున్నారు. “నేను ఇన్‌చార్జ్ లబ్ధిదారును. నువ్వు పద.”

మంత్రిగారు వచ్చి, రిబ్బను కత్తిరించి, రిమోట్ మీద మీట నొక్కారు. డ్రోన్ రెక్కలు గిర్రున తిరిగాయి. ఆ గాలికి క్రోటన్ ఆకులు రెపరెపలాడాయి. చప్పట్ల మధ్య పడవ బయలుదేరింది.

మొదటి అల మీద మామ ఒళ్లు బిగిసింది. రెండో అల మీద చేతులకు పాత పని గుర్తొచ్చింది. భుజం నొప్పి పుట్టిందేమో కాని, ఆ సంగతి తెలుసుకునే తీరిక లేదు. మూడో అల ముందు ఒక్క లిప్త ఆగి, అది లేచేదాకా చూసి, తెడ్డు రెండుసార్లు గట్టిగా వేశాడు. పడవ దాటింది. అవతల నీళ్లు నున్నగా, ముదురు రంగులో ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా ఒడ్డు నుంచి చూస్తున్న నీళ్లు. మామ తెడ్డు పక్కన పెట్టి వాటిలో చెయ్యి ముంచాడు. ముందు డ్రోన్ రొద పెడుతోంది. వెనక క్రోటన్ ఊగుతోంది. ఆ రెండింటికీ మధ్య ఆయన కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాత పని గుర్తొచ్చి, డ్రోన్ కాళ్ల నుంచి గాలం విప్పి చేత్తో నీళ్లలో వదిలాడు.

ఒడ్డున కర్ర ఒక్క ఊపున వంగింది. ఎ.డి. గారు కుర్చీతో సహా మోకాటి లోతు నీళ్లలోకి వెళ్లారు. మంత్రిగారు కర్ర అందుకున్నారు. మంత్రిగారిని భద్రతాధికారి అందుకున్నాడు. చేప ఒడ్డుకు వచ్చింది. అది ముందురోజు వదిలిన చేపేనని మామ భార్య ఇప్పటికీ అంటుంది.

మామ పడవ దిగగానే మైకు ఆయన నోటి దగ్గరికి వచ్చింది. గుంపులోంచి భార్య రెండు కళ్లూ మూసి, తెరిచి, వేళ్లతో చూపించింది: మసకలు, మసకలు.

“పెద్దాయనా,” అన్నారు మంత్రిగారు, “ఎర మూడో అల దాటిందా?”

మామ సముద్రం వైపు ఒకసారి చూశాడు. “దాటిందండి.”

“డ్రోన్ కూడా దాటిందా?”

“దాటిందండి. క్రోటన్ మొక్క కూడా దాటిందండి.”

చప్పట్లు మారుమోగాయి. సంతృప్తి పత్రం మీద సంతకం అయింది. దరఖాస్తు మూతపడింది. మంత్రిగారు ఉత్సాహం ఆపుకోలేక, ఈ డ్రోన్ ఇంకా బాగా పని చేయాలంటే ఏం కావాలో చెప్పమన్నారు. తడిసిన ప్యాంటుతో ఎ.డి. గారు, “పడవ సార్,” అన్నారు. ఒడ్డున గాలం వేసే నలభై మందికీ డ్రోన్లు, ప్రతి డ్రోన్‌కూ ఒక పడవ ఇస్తామని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు.

మామకు ఆ డ్రోన్ అప్పగించి, రశీదు రాయించుకున్నారు. ఇంట్లో భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

“నోరు జారవద్దన్నాను. విన్నావా?”

“దాటింది కదే మరి.”

“దాటింది! నువ్వు దాటించావని ఒక్క ముక్క అన్నావా?”

“ఆయన అడగలేదు.”

ఆవిడ కొంతసేపు డ్రోన్‌నే చూసింది. “నీకైతే పడవ ఇవ్వరు. దీనికిస్తారట. దరఖాస్తు దీని పేరు మీదే పెట్టించు.”

కూతురు కొత్త దరఖాస్తు రాసింది. ఏడో గడిలో ‘డ్రోన్ మూడో అల దాటడానికి’ అని రాసింది. పాత దరఖాస్తు తొమ్మిదేళ్లలో బల్ల మారని కార్యాలయంలో ఆ కాగితం నాలుగు రోజుల్లో మంజూరై వచ్చింది. ‘లబ్ధిదారు: డ్రోన్. వెంట వచ్చువారు: ఒకరు. లబ్ధిదారు స్వయంగా హాజరు కావలెను.’

ఒకటో తేదీన మామ డ్రోన్‌ను నొప్పి భుజం మీద పెట్టుకుని కార్యాలయానికి వెళ్లాడు. వరండాలో కుర్చీలు దాదాపు నిండి ఉన్నాయి. ఒక్కో కుర్చీలో ఒక్కో డ్రోన్ కూర్చుని ఉంది. వాటి వెంట వచ్చినవారు ఎండలో వరుసగా నిలబడ్డారు. గుమాస్తా లేచి వచ్చి, ఖాళీ కుర్చీ ఒకటి తన చేతిరుమాలుతో తుడిచాడు.

“ఇక్కడ పెట్టు. జాగ్రత్త, రెక్క తగులుతుంది. నువ్వు అలా కింద ఉండు.”

“పడవలు వచ్చాయా బాబూ?”

“వస్తాయి. నమూనా వచ్చింది కదా, అక్కడుంది, చూసుకో.”

మామ వెళ్లి తన పాత చోట కూర్చున్నాడు. పడవలో ముప్పై రెండు కుండీలూ మళ్లీ వరుసగా ఉన్నాయి. వెనక కొసనున్న దాని ఆకులు మాత్రం ఉప్పునీటికి అంచుల దగ్గర మాడాయి. మామ దాన్ని గుర్తుపట్టాడు.

తోటమాలి గొట్టం పట్టుకుని వచ్చి కుండీలన్నిటికీ నిండా నీళ్లు పోశాడు. కుండీల కింది నుంచి కారిన నీళ్లు పడవ అడుగున చేరాయి. మామ చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు బెత్తెడు లోతుకు వచ్చేసరికి లేచి, కుండీల మధ్య చేతులు దూర్చి, దోసిళ్లతో తోడి బయట పొయ్యడం మొదలుపెట్టాడు.

“ఓయ్ పెద్దాయనా, ఏం చేస్తున్నావు?” అని తోటమాలి కేకేశాడు.

మామ తల ఎత్తలేదు.

“పడవలో నీళ్లు నిలవకూడదు నాయనా.”